పేరు చెప్పని దేవుడు, దీవెన వదలని యాకోబు

యబ్బోకు పెద్ద నదేం కాదు. ఇప్పటి జోర్డాన్ దేశంలో జర్కా అనే పేరుతో కొండల మధ్య పారి యొర్దాను నదిలో కలుస్తుంది. రేవు తెలిసినవాళ్లు పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో ఒక్క రాత్రిలో దాటేయొచ్చు. ఆదికాండం 32వ అధ్యాయంలో యాకోబు చేసిందీ అదే. ఇద్దరు భార్యల్ని, ఇద్దరు దాసీల్ని, పదకొండుమంది కొడుకుల్ని, ఉన్న ఆస్తినంతా అవతలి ఒడ్డుకు చేర్చి తానొక్కడే వెనక ఉండిపోయాడు. అన్న ఏశావు 400 మందిని వెంటేసుకుని ఎదురొస్తున్నాడని అప్పటికే కబురు అందింది. ఇరవై ఏళ్ల కిందట తాను మోసం చేసి పారిపోయి వచ్చింది ఆ అన్ననే.

ఆ రాత్రి ఎవరో ఒక మనిషి తెల్లవారేదాకా అతనితో పెనుగులాడాడు. ఎవరా మనిషి, ఎక్కడినుంచి ఊడిపడ్డాడు, అసలు గొడవ దేనికి? కథ ఒక్క ముక్క చెప్పదు. యాకోబును ఓడించలేనని తెలిశాక ఆ మనిషి అతని తొడగూటి మీద కొట్టాడు. కీలు తప్పింది. అయినా యాకోబు పట్టు వదల్లేదు. 'తెల్లారుతోంది, నన్ను పోనివ్వు' అన్నాడు ఆ మనిషి. దానికి యాకోబు చెప్పిన జవాబు తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి కంఠతా వచ్చు: 'నీవు నన్ను ఆశీర్వదించితేనే గాని నిన్ను పోనియ్యను.' ఆల్‌నైట్ ప్రేయర్‌లో ఈ వచనం వినని ఊరు ఉండదేమో.

ప్రసంగాలు మామూలుగా ఇక్కడ ఆగి, పట్టుదలతో ప్రార్థన చేయడం గురించి చెప్పి ముగుస్తాయి. కానీ అసలు ముడి తర్వాతి మూడు నాలుగు వచనాల్లో ఉంది. దీవెన అడిగినవాడికి ముందు దీవెన రాలేదు, ప్రశ్న వచ్చింది. 'నీ పేరేంటి?' 'యాకోబు' అన్నాడు. 'ఇకమీదట నీ పేరు యాకోబు కాదు, ఇశ్రాయేలు. దేవుడితోనూ మనుషులతోనూ పోరాడి గెలిచావు.' ఇప్పుడు యాకోబు అడిగాడు: 'దయచేసి నీ పేరు చెప్పు.' 'నా పేరు ఎందుకు అడుగుతున్నావు?' అని ఆ మనిషి ఎదురు ప్రశ్న వేశాడు. అక్కడే అతన్ని ఆశీర్వదించాడు. పేరు మాత్రం చెప్పలేదు.

రెండు అడిగితే ఒకటి దొరికింది, ఒకటి దొరకలేదు. హీబ్రూ లేఖనాల్లో దేవుడి పేరు చుట్టూ ఉన్న చిక్కంతా ఈ చిన్న సంభాషణను పట్టుకుంటే విప్పొచ్చని నాకనిపిస్తుంది. అక్కడ దేవుడి పేరు మనిషి లాక్కోగలిగేది కాదు. దేవుడే తనంతట తాను తెచ్చి మనిషి మీద పెట్టేది. ఆ పెట్టడానికే దీవెన అని పేరు. ఈ తేడా వదిలేస్తే యెహోవా అనాలా, యావే అనాలా అనే వాదనలో పడి కొట్టుకోవడమే మిగులుతుంది.

రెండోసారి అడిగిన ప్రశ్న

'నీ పేరేంటి' అన్నది ఊరికే పరిచయానికి అడిగింది కాదు. యాకోబును అంతకుముందు కూడా ఒకరు ఇలాగే అడిగారు. 27వ అధ్యాయం నాటికి తండ్రి ఇస్సాకు ముసలివాడైపోయాడు, చూపు పోయింది. పెద్దకొడుకు ఏశావును పిలిచి, వేటకెళ్లి మాంసం తెచ్చి నాకిష్టమైనట్టు వండిపెట్టు, చచ్చేలోపు నిన్ను దీవిస్తానన్నాడు. చాటుగా విన్న తల్లి రిబ్కా చిన్నకొడుకు యాకోబుకు అన్న బట్టలు తొడిగింది. ఏశావు ఒళ్లంతా వెంట్రుకలు, యాకోబుది నున్నటి ఒళ్లు. అందుకని చేతులకూ మెడకూ మేకపిల్లల తోళ్లు చుట్టింది. మందలోంచి పట్టుకొచ్చిన మేకపిల్లల్నే వేటమాంసంలా వండి చేతికిచ్చింది.

'నా కుమారుడా, నువ్వెవరివి?' అన్నాడు గుడ్డి తండ్రి. 'నేను ఏశావుని, నీ పెద్దకొడుకుని.' ముసలాయనకు అనుమానం తీరలేదు. దగ్గరికి రమ్మని తడిమి చూశాడు. గొంతు యాకోబుది, చేతులు ఏశావువి అనుకున్నాడు. నువ్వు నిజంగా ఏశావువేనా అని మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అబద్ధం. ఆఖరికి ముద్దుపెట్టుకోమని దగ్గరికి పిలిచి, బట్టల్లోంచి వచ్చే పొలం వాసన చూసి దీవించాడు.

అంటే యాకోబుకు దక్కిన మొదటి పెద్ద దీవెన అన్న పేరు చెప్పుకుని కొట్టేసింది. యబ్బోకు ఒడ్డున ఆ మనిషి పేరు అడిగేసరికి సొంత పేరు చెప్పక తప్పలేదు. ఆ పేరు చెప్పడమంటే నేరం ఒప్పుకున్నట్టే. ఎందుకంటే హీబ్రూలో యాకోబు అనే పేరు మడమకూ, కాలు పట్టిలాగి పక్కవాడి చోటు కొట్టేయడానికీ దగ్గరగా వినిపిస్తుంది. 'వాడికి యాకోబని సరిగ్గానే పెట్టారు, రెండుసార్లు నన్ను మోసం చేశాడు' అని ఏశావు మొత్తుకున్నది అందుకే.

ఆ కాలంలో దీవెన అంటే నాలుగు మంచి మాటలు చెప్పి పంపడం కాదు. ఇస్సాకు పలికినదాంట్లో ఆకాశపు మంచు ఉంది, భూమి సారం ఉంది, ధాన్యమూ ద్రాక్షారసమూ ఉన్నాయి, అన్నదమ్ముల మీద పెద్దరికం ఉంది. ఒకసారి నోటినుంచి వచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. నిజమైన ఏశావు వంట పట్టుకుని వచ్చినప్పుడు తండ్రి గడగడ వణికిపోయాడు తప్ప, ఇచ్చింది రద్దు చేస్తానని అనలేకపోయాడు. 'నాన్నా, నీ దగ్గర ఉన్నది ఒక్క దీవెనేనా? నన్ను కూడా దీవించు' అని గట్టిగా ఏడ్చాడు ఏశావు. బైబిల్ మొత్తంలో చదవడం కష్టమనిపించే చోట్లలో ఇదొకటి.

పెనుగులాట ముగిసిన పొద్దున కుంటుకుంటూ వెళ్లి యాకోబు అన్న ముందు ఏడుసార్లు సాగిలపడ్డాడు. ముందు రోజే 550 పశువుల్ని మందలుగా విడగొట్టి కానుకగా పంపించి ఉన్నాడు. ఏశావు నాకొద్దు, నాకు చాలానే ఉందన్నాడు. అప్పుడు యాకోబు అంతదాకా వాడుతున్న మాట మార్చేశాడు. హీబ్రూ మూలంలో అతను అన్నది 'నా దీవెన తీసుకో' అని. అనువాదాల్లో ఇది చాలాసార్లు 'కానుక' అయిపోతుంది, కాబట్టి దొంగిలించినదాన్ని తిరిగి ఇస్తున్నాడన్న సంగతి మన కంట పడదు. తన సొంత పేరు మీద వేరే దీవెన దొరికాక గానీ పాతది వదలడానికి అతనికి చెయ్యి రాలేదు.

పేరు తెలిస్తే ఏమవుతుంది

సరే, మరి ఆ రాత్రి మనిషి తన పేరెందుకు దాచుకున్నాడు? ముందు అసలు అతనెవరో తేలాలి, అదేమో తేలదు. ఆదికాండం 'మనిషి' అంటుంది. హోషేయ ప్రవక్త 12వ అధ్యాయంలో 'దూత' అంటాడు, యాకోబు ఏడ్చి బతిమాలాడని కూడా అంటాడు, ఆ ఏడుపు ఆదికాండంలో లేదు. యాకోబేమో 'దేవుణ్ణి ముఖాముఖిగా చూశాను, అయినా బతికాను' అని ఆ చోటికి పెనూయేలు, అంటే దేవుడి ముఖం, అని పేరు పెట్టాడు. యూదుల పాత వ్యాఖ్యానాల్లో ఒకటి అతన్ని ఏశావును కాచే దేవదూతగా చెబుతుంది. పాత క్రైస్తవ వ్యాఖ్యాతలు క్రీస్తునే చూశారు. ఆధునిక పండితుల్లో కొందరికి తెల్లవారితే నిలవలేని నదీదేవత కథ ఒకటి దీని అడుగున కనిపిస్తుంది. నాకు హోషేయ చెప్పిన ఏడుపు నచ్చుతుంది, గెలిచినవాడే బతిమాలుకుంటున్నాడు కాబట్టి.

పేరు సంగతికొస్తే, ఆ ప్రాంతపు పాత నమ్మకం ఒకటి తెలియాలి. ఈజిప్టులో ఐసిస్ దేవత కథ ఉంది. సూర్యదేవుడు రా ముసలివాడై చొంగ కారుస్తుంటే, ఆమె ఆ చొంగనూ మట్టినీ కలిపి పామును చేసి అతను నడిచే దారిలో పెట్టింది. పాము కరిచింది. నీ రహస్యనామం చెబితేనే విషం దింపుతానంది. రా తన బిరుదులన్నీ ఏకరువు పెట్టాడు: భూమ్యాకాశాలు చేసినవాణ్ణి, నీళ్లు చేసినవాణ్ణి, పొద్దున ఇది, మధ్యాహ్నం ఇది, సాయంత్రం ఇది. అందులో నీ పేరు లేదు అందామె. నొప్పి భరించలేక చివరికి అసలు పేరు ఆమెకు అప్పగించాడు. పేరు తెలిస్తే ఆ దేవుడి జుట్టు చేతికి చిక్కినట్టే అన్నది ఇందులోని లెక్క.

రోమన్ల పాలనలో ఈజిప్టులో రాసుకున్న మంత్రాల పత్రాల్లో ఇశ్రాయేలు దేవుడి పేరు కూడా 'యావో' అనే రూపంలో కనిపిస్తుంది. రోగం పోవాలి, వశీకరణం జరగాలి, పగవాడు నాశనం కావాలి: అన్నిటికీ ఆ పేరు వాడారు. అది యబ్బోకు దగ్గర అడగబోయి దొరకనిదాన్ని వేరే దారిలో సంపాదించుకునే ప్రయత్నం.

న్యాయాధిపతులు 13వ అధ్యాయంలో ఈ సంభాషణే ఇంకోసారి జరుగుతుంది, ఈసారి కొంచెం నవ్వు పుట్టించేలా. మానోహ అనే ఆయన భార్యకు పిల్లలు లేరు. ఆవిడ పేరు కథలో ఎక్కడా రాదు. దేవదూత వచ్చి నీకు కొడుకు పుడతాడని ఆవిడతో చెప్పాడు. ఆ పుట్టబోయేవాడే సమ్సోను. ఆవిడ మొగుడికి చెబుతూ, ఎక్కడినుంచి వచ్చావని నేను అడగలేదు, తన పేరూ ఆయన చెప్పలేదు అంది. అంతకంటే ఆవిడకు అక్కర్లేదు. మానోహకు అలా కుదరలేదు. ఇంకోసారి పంపమని ప్రార్థన చేశాడు. దూత మళ్లీ వచ్చాడు, అదీ పొలంలో ఒంటరిగా ఉన్న భార్య దగ్గరికే. ఆవిడ పరుగెత్తి వెళ్లి మొగుణ్ణి పిలుచుకొచ్చింది. 'నీ పేరేంటి? నీ మాట నిజమయ్యాక నిన్ను సన్మానిస్తాం' అన్నాడు మానోహ. 'నా పేరు ఎందుకు అడుగుతున్నావు? అది అద్భుతమైంది' అని జవాబొచ్చింది. యాకోబుకు వచ్చిన ఎదురు ప్రశ్నే. బలిపీఠం మంటలో దూత పైకి వెళ్లిపోయాక మానోహకు టెన్షన్ పట్టుకుంది: దేవుణ్ణి చూశాం, చచ్చిపోతాం అన్నాడు. భార్య తేల్చేసింది: మనల్ని చంపాలనుకుంటే మన బలి ఎందుకు తీసుకుంటాడు, ఇవన్నీ మనకెందుకు చెబుతాడు? పేరు అడగని మనిషికే విషయం ముందు అర్థమైంది.

పొద మంటలోని జవాబు

అయితే మోషే దగ్గర లెక్క తప్పుతుంది. నిర్గమకాండం 3వ అధ్యాయంలో కాలుతున్న పొద ముందు అతను పేరు అడుగుతాడు, అదీ తెలివిగా. నాకు తెలుసుకోవాలని ఉందని అనడు. ఇశ్రాయేలీయులు 'ఆయన పేరేంటి' అని నన్నడిగితే ఏం చెప్పను, అంటాడు. ఫరో కూతురింట్లో పెరిగినవాడు కదా, దేవుళ్ల పేర్లకుండే విలువ తెలిసినవాడే.

వచ్చిన జవాబు తెలుగు బైబిల్లో 'నేను ఉన్నవాడను అనువాడనై యున్నాను' అని ఉంది. హీబ్రూలో మూడే మాటలు: 'ఎహ్యె అషెర్ ఎహ్యె'. ఎహ్యె అంటే ఉన్నాను, ఉంటాను, అవుతాను: మూడూ కుదురుతాయి. వేల పేజీల వేదాంతం దీని మీద నడిచింది. అయితే ఈ వాక్యం అల్లిక మన ఇళ్లలో వినేదే. ఎక్కడికి బయల్దేరావని ఎవరైనా ఆరా తీస్తే 'వెళ్లేచోటికే వెళ్తున్నా' అంటాం చూడండి, అలాంటిది. అబద్ధం లేదు, చెప్పిందీ లేదు. మోషేతోనే ఇంకోసారి, 33వ అధ్యాయంలో, నీ మహిమ చూపించమని అడిగినప్పుడు దేవుడు ఇదే అల్లికలో మాట్లాడతాడు: ఎవరిని కరుణిస్తానో వాళ్లని కరుణిస్తాను. నన్ను ముందే ఒక చట్రంలో బిగించకు అన్న ధ్వని రెండు చోట్లా ఉంది.

కానీ తప్పించుకున్నాడు, అంతే అనేస్తే అన్యాయం. దీనికి రెండు వచనాల ముందు మోషే 'ఫరో దగ్గరికి వెళ్లడానికి నేనెంతవాణ్ణి' అని వెనకాడితే, దేవుడు 'నేను నీతో ఉంటాను' అన్నాడు. అక్కడి 'ఉంటాను' కూడా ఎహ్యెనే. పేరు అడిగినవాడికి దేవుడు అంతకుముందిచ్చిన మాటనే మళ్లీ ఇచ్చాడన్నమాట. ఆ వెంటనే, 15వ వచనంలో, నాలుగు అక్షరాల పేరు వస్తుంది: యోద్, హే, వావ్, హే. ఇది నిరంతరం నా పేరు అంటాడు. యాకోబుకూ మానోహకూ దక్కనిది మోషేకు దక్కింది. తేడా ఎక్కడంటే, యాకోబు తనకోసం అడిగాడు. మోషేకు ఇచ్చిన పేరు బానిసలుగా ఉన్న ఒక జనం మొత్తానికి తీసుకెళ్లి అందించాల్సింది.

ఇక్కడ ఒక పేచీ ఉంది, దాచిపెట్టడం నిజాయితీ కాదు. నిర్గమకాండం 6వ అధ్యాయంలో దేవుడు మోషేతో, అబ్రాహాము ఇస్సాకు యాకోబులకు సర్వశక్తిగల దేవుడిగా కనిపించాను గానీ యెహోవా అనే పేరుతో నేను వాళ్లకు తెలియలేదు అంటాడు. కానీ ఆదికాండం 28లో, బేతేలులో నిచ్చెన కలగన్నప్పుడు, 'నేను యెహోవాను' అని యాకోబుకు స్వయంగా చెప్పి ఉన్నాడు. ఇంకా వెనక్కి వెళ్తే 4వ అధ్యాయంలోనే మనుషులు యెహోవా నామాన ప్రార్థించడం మొదలుపెట్టారని ఉంది. దేవుడికి వాడిన పేర్లను బట్టి ఆదికాండంలో వేర్వేరు పాత మూలాలు కలిశాయని 1753లో జాన్ ఆస్త్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రతిపాదించాడు. తర్వాతి శతాబ్దంలో జర్మన్ పండితులు దాన్ని పెద్ద సిద్ధాంతంగా పెంచారు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ వేరే దారి పట్టాడు: అక్షరాలు వాళ్లకు తెలుసు, మాట నిలబెట్టుకునేవాడిగా ఆ పేరు అనుభవంలోకి రాలేదు, అంతే అన్నాడు. పాఠం ఎలా తయారైందన్న ప్రశ్నకు మొదటిదే బలమైన జవాబు. ఇప్పుడున్న రూపంలో దాన్ని చదివేవాడికి మాత్రం రాషీ మాట బాగా పనికొస్తుంది.

జనం మీద పెట్టిన పేరు

సంఖ్యాకాండం 6వ అధ్యాయం చివర మోషే అన్న, ప్రధాన యాజకుడు అహరోనూ అతని కొడుకులూ జనాన్ని ఎలా దీవించాలో ఉంది. తెలుగు చర్చిల్లో ఆరాధన ముగింపులో చాలామంది విన్నదే: 'యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక' అని మొదలై సమాధానంతో ముగుస్తుంది. హీబ్రూలో మూడే వరుసలు. మొదటిదాంట్లో మూడు మాటలు, రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో ఏడు. వరుస వరుసకూ పెరుగుతూ పోతుంది. ప్రతి వరుసలోనూ ఆ నాలుగక్షరాల పేరు ఒక్కోసారి వస్తుంది. వెంటనే వచ్చే 27వ వచనం ఈ విషయానికంతటికీ తాళంచెవి. యాజకులు ఇలా నా పేరును ఇశ్రాయేలీయుల మీద పెడతారు, నేను వాళ్లని ఆశీర్వదిస్తాను, అంటాడు దేవుడు. చేతులెత్తేది యాజకులు, దీవించేది వాళ్లు కాదు. పేరు వాళ్లది కాదు కాబట్టి దాన్ని వాడుకునే హక్కూ వాళ్లకు లేదు, జనం మీద పెట్టే పని మాత్రమే ఉంది.

ఈ పద్ధతి యాకోబు నేర్చుకునే పోయాడు. ఆదికాండం 48లో, చావు దగ్గరపడి, ఇస్సాకులాగే చూపు మందగించి, మనవళ్లు ఎఫ్రాయిమునూ మనష్షేనూ దగ్గరికి తీసుకుంటాడు. 'అన్ని కీడుల్లోంచీ నన్ను విడిపించిన దూత ఈ పిల్లల్ని దీవించాలి, నా పేరు వీళ్లకు పెట్టాలి' అంటాడు. ఆ దూతకు అప్పటికీ పేరు లేదు. దీవెనకు అది అడ్డం కాలేదు. పైగా కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పెట్టాడు. ఆ పిల్లల తండ్రి యోసేపు ముసలాయన చెయ్యి పట్టుకుని మార్చబోతే, నాకు తెలుసు నాయనా, నాకు తెలుసు అన్నాడు.

ఈ దీవెన ఎంత పాతదో చెప్పే వస్తువులు రెండు బయటపడ్డాయి. 1979లో గాబ్రియేల్ బర్కాయ్ అనే ఇజ్రాయెలీ పురావస్తు శాస్త్రవేత్త యెరూషలేం పాతనగరానికి నైరుతిగా, హిన్నోము లోయ అవతల, రాతి సమాధుల్ని తవ్వించాడు. అక్కడ దొరికిన సామాన్లలో చుట్టచుట్టిన చిన్న వెండి రేకులు రెండున్నాయి. మెడలో కట్టుకునే తాయెత్తులు. పెద్దది విప్పితే 10 సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవు, చిన్నది 4 సెంటీమీటర్లు. విరిగిపోకుండా విప్పడానికే మ్యూజియం వాళ్లకు ఏళ్లు పట్టింది. లోపల వెంట్రుకలా సన్నటి గీతలతో పాత హీబ్రూ లిపి. చదువుకుంటూ పోతే ఆ నాలుగక్షరాల పేరు, దాంతోపాటు యాజకుల దీవెనలోని మాటలు: నిన్ను దీవించి కాపాడునుగాక, తన ముఖాన్ని నీమీద ప్రకాశింపజేయునుగాక. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం చివరో, 6వ శతాబ్దం మొదలో చేసినవని ఎక్కువమంది పండితుల లెక్క. బైబిల్లో కనిపించే వాక్యాలకు మనకు దొరికిన అతి పాత రాతలివే. మృతసముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత లేఖన చుట్టలకంటే కొన్ని శతాబ్దాలు ముందువి.

పేరును చేతికి అందకుండా దాచుకున్న దేవుడి దీవెనను జనం తాయెత్తులో చుట్టి మెడలో కట్టుకున్నారు, చచ్చాక సమాధిలోకీ తీసుకెళ్లారు. పండితులకు ఇది ఇబ్బందిగా ఉంటే ఉండొచ్చు, నాకు మాత్రం మనుషులు ఎప్పుడూ ఇంతే అనిపిస్తుంది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్ దగ్గర ఒక పెద్ద కుండ మీద ఎవరో ఇంకా మొహమాటం లేకుండా రాశారు: సమరయ యెహోవా పేరా, ఆయన అషేరా పేరా మిమ్మల్ని దీవిస్తున్నాను అని. అషేరా అంటే ఆ ప్రాంతపు దేవత, లేదా ఆమె గుర్తుగా నిలిపే కొయ్య. ప్రవక్తలు గగ్గోలు పెట్టింది ఇలాంటివి చూసే.

నోటికి రాకుండా పోయిన పేరు

ఆ రోజుల్లో ఆ పేరు పలకడానికి ఎవరూ జంకలేదు. రూతు గ్రంథంలో బోయజు పొలానికి వచ్చి కోతవాళ్లను 'యెహోవా మీకు తోడుగా ఉండునుగాక' అని పలకరిస్తే, 'యెహోవా నిన్ను ఆశీర్వదించునుగాక' అని వాళ్లు బదులిచ్చారు. పొలంగట్టు మీది పలకరింపు అది. బబులోను సైన్యం మీదికి వస్తున్న రోజుల్లో యూదా రాజ్యపు లాకీషు కోటలో కుండపెంకుల మీద రాసుకున్న ఉత్తరాలు కూడా ఆ పేరుతో దీవించే మొదలవుతాయి. హీబ్రూ బైబిల్లో అది 6,800 సార్లకు పైగా ఉంది.

తర్వాత మెల్లమెల్లగా నోళ్లు మూతపడ్డాయి. ఒక్క రోజున ఎవరో ఆజ్ఞ వేసి ఆపించింది కాదు. దేవుడి పేరు వ్యర్థంగా ఎత్తకూడదన్న ఆజ్ఞ ఎలాగూ ఉంది. దేవుడి పేరును దూషించినవాడికి మరణశిక్ష అని లేవీయకాండం 24 చెబితే, గ్రీకు అనువాదకులు ఆ చోట 'పేరు పలికినవాడికి' అనే అర్థం వచ్చేలా రాశారు. మృతసముద్రం దగ్గర దొరికిన హబక్కూకు వ్యాఖ్యానంలో మిగతాదంతా అప్పటి మామూలు లిపిలో ఉంటే ఆ పేరు ఒక్కటే పాత లిపిలో కనిపిస్తుంది. అక్కడే దొరికిన ఇంకో చుట్టలో పేరుండాల్సిన చోట నాలుగు చుక్కలు మాత్రమే ఉన్నాయి.

దేవాలయం ఉన్నన్నాళ్లూ లోపల ఆ పేరు వినిపించింది. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడి నోట అది రాగానే ఆవరణలోని యాజకులూ జనమూ బోర్లాపడేవాళ్లని యూదు గురువుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. రబ్బీ తర్ఫోన్ అనే గురువు చెప్పిన సంగతి ఒకటి మిష్నా మీద పెరిగిన పెద్ద వ్యాఖ్యానం తల్మూదులో ఉంది. మేనమామ వెంట యాజకుల వేదిక ఎక్కి, ప్రధాన యాజకుడి వైపు చెవి వంచి విన్నాడట. మిగతా యాజకులు రాగం తీస్తుంటే ఆ పాటలో ఆయన పేరును మింగేశాడట. అర్హత లేనివాడి చెవిన పడకుండా అది జాగ్రత్త. గురువులు శిష్యులకు ఏడేళ్లకోసారి ఉచ్చారణ నేర్పేవారని కూడా అక్కడే ఉంది. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయం కూల్చాక పలకడానికి చోటు లేకుండా పోయింది, నేర్చుకున్నవాళ్లూ పోయారు.

పాత హీబ్రూ రాతలో హల్లులే ఉంటాయి. అచ్చుల గుర్తులు శతాబ్దాల తర్వాత, తిబెరియ పట్టణపు పండితులు చేర్చారు. ఈ పేరు దగ్గర వాళ్లు అసలు అచ్చులు పెట్టలేదు. ఇక్కడ 'అదోనాయ్', అంటే ప్రభువు, అని చదవాలని గుర్తుచేసే అచ్చులు పెట్టారు. కంటికి ఒకటి, నోటికి ఒకటి. ఆ సంప్రదాయం పట్టించుకోని క్రైస్తవ పండితులు 13వ శతాబ్దం నుంచి రెండూ కలిపి చదివేశారు. అలా పుట్టిన రూపమే 'జెహోవా', మన 'యెహోవా'. 5వ శతాబ్దపు బిషప్ థియొడోరెట్ సమరయులు 'యాబె' అంటారని రాసిపెట్టాడు. అలాంటి ఆధారాల మీద 'యహ్వె' అన్నది అసలు ఉచ్చారణకు దగ్గరని చాలామంది పండితులు అంటారు. మనం యావే అంటున్నది దాన్నే. అదీ ఊహే, కాకపోతే గట్టి ఊహ. మొదటి ముక్క 'యా' విషయంలో మాత్రం అనుమానం లేదు. యిర్మీయా, నెహెమ్యా, ఏలీయా, హల్లెలూయా: అన్నిటి చివరా ఉన్నది అదే. అసలు పేరు ఎవరికీ తెలియదని వాదించేవాళ్లు కూడా దానిలో సగం ప్రతి ఆదివారం పలుకుతూనే ఉన్నారు.

ఈ మధ్య తెలుగులో కొన్ని వీడియోలు చూస్తుంటే, యెహోవా అంటే ప్రార్థన దేవుడిదాకా వెళ్లదు, సరైన ఉచ్చారణ మా దగ్గరే ఉంది అనేవాళ్లు కనిపిస్తున్నారు. భాషాశాస్త్రం పరంగా యెహోవా అనేది కలగాపులగపు రూపమన్న మాట నిజమే. కానీ ఉచ్చారణ కుదిరితేనే దీవెన పనిచేస్తుందన్న లెక్క ఐసిస్ దేవతది. 'యెహోవా నా కాపరి' అని చదువుకుంటూ కన్నుమూసిన మన తాతమ్మల ప్రార్థనలు తప్పు అడ్రసుకు వెళ్లాయని అనడానికి ఈ లేఖనాల్లో నాకు ఆధారం కనిపించదు. మరోవైపు, ఆ పేరును మైకుల్లో ఎడాపెడా వాడేసేవాళ్లకు యూదుల మౌనం కొంచెం తెలిస్తే మంచిదే. 2008లో వాటికన్ కూడా ఆ నాలుగక్షరాల పేరును ఆరాధనలోనూ పాటల్లోనూ పలకొద్దని కాథలిక్ బిషప్పులకు రాసింది.

యూదుల సమాజమందిరాల్లో అహరోను వంశస్థులు ఇప్పటికీ తలమీదుగా శాలువా కప్పుకుని, చేతులు చాచి ఆ మూడు వరుసలూ చెబుతారు. జనం వాళ్ల చేతుల వైపు చూడరు. పేరు వచ్చే మూడు చోట్లా అదోనాయ్ అంటారు. దేవాలయం పోయాక సర్దుకున్న ఏర్పాటు కాదిది. మిష్నాలో సోతా అనే భాగం చెప్పేదాని ప్రకారం, దేవాలయం నిలిచి ఉన్న రోజుల్లోనే యాజకులు లోపల దీవించేటప్పుడు పేరును రాసి ఉన్నట్టు పలికేవాళ్లు, బయటి ఊళ్లలో దాని బదులు మాట వాడేవాళ్లు. రెండుచోట్లా ఇచ్చింది ఒకే దీవెన.